అచ్చాయమ్మ ఎడమకాలు

షార్జాలోని ఒక వృద్ధుల క్లబ్బులో మంగళవారం, గురువారం పొద్దున పది గంటలకి తాయ్ చీ అనే చైనా వ్యాయామం నేర్పుతారు. నేర్చుకునేవాళ్ళు పదకొండు మంది ముసలమ్మలు. నల్లటి అబాయాల కింద తెల్లటి కాన్వాసు బూట్లు వేసుకుని, హాల్లో వరుసలుగా నిలబడి, నిద్రపోతున్న పసిపిల్లని లేవకుండా పక్కకి జరుపుతున్నట్టు చేతులు కదుపుతుంటారు. వాళ్ళకి ఎదురుగా, అద్దం గోడని ఆనుకుని పదకొండు కుర్చీలు. వాటిలో పదకొండు మంది పనిమనుషులు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక హ్యాండుబ్యాగు, కాళ్ళ దగ్గర ఒక జత చెప్పులు, పక్కన కాఫీ ఫ్లాస్కు. ఆ కుర్చీలేవో వెనకాల వేయచ్చు కదా అంటే, వేయరు. ముసలమ్మలకి తల తిప్పకుండానే తమ పనిమనిషి కనబడాలి. మంచినీళ్ళు కావాలంటే కంటిసైగ సరిపోవాలి.

ఎడమ నుంచి నాలుగో కుర్చీ అచ్చాయమ్మది. రాజోలు దగ్గర పల్లెటూరు. షార్జా వచ్చి ఇరవై ఆరేళ్ళయింది, అరవై ఒకటి నిండాయి. తమాషా ఏమిటంటే, ఎదురుగా నేర్చుకుంటున్న వాళ్ళలో ఆమె కంటే చిన్నవాళ్ళు ఇద్దరున్నారు. అయినా ఆ హాల్లో ఎవరికీ ఆమె వయసు గుర్తుకి రాలేదు. పనిమనిషికి వయసు ఉండదు, ఓపికే ఉంటుంది. అది అయిపోయిన రోజున ఇంటికి టిక్కెట్టు కొంటారు.

ఆమె యజమానురాలిని అందరూ ఉమ్ ఫైజల్ అంటారు, అంటే ఫైజల్ వాళ్ళమ్మ అని. అచ్చాయమ్మ మాత్రం మామా అని పిలుస్తుంది, అక్కడ దానికి అమ్మా అని అర్థం. ఆవిడకి డెబ్భై ఎనిమిది. కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది మెట్ల మీద జారి కుడి తుంటి విరగ్గొట్టుకుంది. డాక్టర్లు లోపల కడ్డీ వేసి నిలబెట్టారు గానీ, ఆవిడ భయానికి వేసే కడ్డీ వాళ్ళ దగ్గర లేకపోయింది. వాకర్ వదలదు. అందుకే కొడుకు తెచ్చి ఈ క్లబ్బులో చేర్పించాడు. నేర్పే ఆవిడ పేరు లిన్, చైనా మనిషి, దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీ నుంచి వస్తుంది. ఆవిడకి అరబిక్ సరిగా రాదు, ముసలమ్మలకి ఇంకేదీ రాదు. రెండు పక్షాల మధ్యా "శువై శువై" అనే మాట ఒక్కటే తిరుగుతూ ఉంటుంది. నెమ్మదిగా, నెమ్మదిగా అని.

అచ్చాయమ్మకి మొదట్లో ఇదంతా వినోదం. తాయ్ చీ అని నోరు తిరక్క దానికి నత్త డాన్సు అని పేరు పెట్టింది. "డబ్బున్నోళ్ళకి నడవడం కూడా నేర్పాలి తమ్ముడూ, దానికో టీచరమ్మ" అని డ్రైవర్ పర్శరాములుతో అని నవ్వేది. పర్శరాములుది కోరుట్ల. ఇరవయ్యేళ్ళు ఇండస్ట్రియల్ ఏరియా గ్యారేజీలో కార్ల కింద పడుకుని, ఇప్పుడు కారులో కూర్చునే ఉద్యోగం దొరికినందుకు రోజూ దణ్ణం పెట్టుకునే మనిషి.

ఆ నవ్వు అక్టోబరుతో సరి.

ఒక పొద్దున మామాకి స్నానం చేయించి, తువ్వాలు అందించి, బకెట్ తీసుకుని పెరటి గుమ్మం దాటిందో లేదో అచ్చాయమ్మ ఎడమకాలు మాట వినడం మానేసింది. బకెట్ ఒక పక్క పడింది, ఆమె ఒక పక్క పడింది. కారు తుడుస్తున్న పర్శరాములు గుడ్డ అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఏందక్కా, గట్లెట్ల వడ్డవు? లే, లే. యాడ తాకింది?"

"ఏం లేదు తమ్ముడూ. తుంటి కాడ కాత్త నొప్పి, అంతే." ఆమె బట్టలారేసే తీగ పట్టుకుని లేచి, చుట్టూ చూసింది. "ఎవరైనా సూసారా?"

"నేనొక్కన్నే జూసిన. ఫైజల్ బాబాకు చెప్పు, దవాఖానకు తీస్కపోతడు."

"సెప్పకు. నీకు దణ్ణం పెడతాను, సెప్పకు. పడిందని తెలిత్తే నన్ను ఎల్లగొట్టేత్తారు."

"చెప్తె పంపిస్తరు, చెప్పకుంటె మల్ల వడ్తవు. నువ్వే సోచాయించుకో" అని బకెట్ నిలబెట్టి వెళ్ళిపోయాడు పర్శరాములు. కానీ చెప్పలేదు.

అచ్చాయమ్మకి ఇంటికి వెళ్ళడం ఇష్టం లేక కాదు. పాలకొల్లులో కూతురు మేడ మీద గది వేసి, కిటికీకి కర్టెను కూడా కట్టి పిలుస్తోంది. వెళ్తుంది, ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళాల్సిందే. కానీ తనకి చాలనిపించి వెళ్ళడం వేరు, పనికిరావని పంపితే వెళ్ళడం వేరు. ఈ ఇరవై ఆరేళ్ళలో ఆమె రాకపోకలేవీ ఆమె చేతిలో లేవు. రావడం ఏజెంటు చేతిలో, సెలవు కఫీల్ చేతిలో, అంటే వీసా ఇచ్చిన యజమాని చేతిలో. మొగుడు పోతే ఆమె ఊరు చేరేసరికి నాలుగోరోజు. ఆఖరికి వెళ్ళిపోవడమైనా తన నోటితో తను చెప్పి వెళ్ళాలని ఆమె పంతం. వీసా గడువు మార్చిదాకా ఉంది. ఈలోపు మళ్ళీ పడితే ఆ మాట వేరేవాళ్ళు చెప్పేస్తారు.

తరవాతి మంగళవారం నుంచి నత్త డాన్సుని ఆమె వేరే కళ్ళతో చూసింది. ఒంటి బరువంతా ఒక కాలి మీదకి పోసి, అది నిలబడ్డాకే రెండోది ఎత్తుతున్నారు. తిరిగేటప్పుడు ముందు మడమ, తరవాత నడుం. తను బకెట్ పట్టుకుని తిరిగినప్పుడు చేయనిది సరిగ్గా అదే. టీచరమ్మ ఆ రోజు వెనక్కి నడవడం నేర్పింది. ముందు వేళ్ళు ఆనించాలి, తరవాత మడమ, కింద గట్టిగా ఉందని తెలిశాకే బరువు వేయాలి. అచ్చాయమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. ఇది తనకి తెలుసు! నాట్లేసే రోజుల్లో మోకాలిలోతు బురదలో, వంగి, పొద్దుగూకేదాకా వెనక్కి నడిచిన నడక ఇదే. పన్నెండేళ్ళకి నేర్చుకున్న విద్యని చైనా నుంచి మనిషొచ్చి గుర్తు చేయాల్సి వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా పడుకుంటుంది. ఆ గంటసేపూ పెరట్లో ఆరేసిన దుప్పట్ల మధ్య ఆమె మొదలుపెట్టింది. కుర్చీలోంచి చూసింది చూసినట్టు, ఒక్కొక్కటే. మొదటివారం ఎడమకాలి మీద రెండు అంకెలు లెక్కపెట్టేసరికి తీగ పట్టుకోవాల్సి వచ్చేది. నవంబరు చివరికి ఎనిమిదిదాకా నిలబడింది.

పర్శరాములు ఊరుకుంటాడా? "ఏందక్కా, గాలిని వట్టుకపోయి యాడ దాస్తున్నవ్?" అన్నాడు దుప్పటి పక్కకి తీసి.

"నీ నోట్లో మన్నెట్ట. ఎల్లు అవతలికి" అంది అచ్చాయమ్మ, కాలు దించకుండానే.

డిసెంబరులో ఒక గురువారం క్లబ్బుకి ఒకావిడ రాలేదు. పాఠం మొదలయ్యే ముందు లిన్ టీచరమ్మ సరాసరి నాలుగో కుర్చీ దగ్గరికి వచ్చి, అచ్చాయమ్మ ఒళ్ళోని బ్యాగు తీసి పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని లేపింది. తీసుకెళ్ళి ముసలమ్మల వరుసలో, మామా పక్కన ఖాళీలో నిలబెట్టింది. అచ్చాయమ్మ కొంగు సర్దుకుంది. భయమూ ఉంది, లోపలెక్కడో గర్వమూ ఉంది. ఇవాళ చూపిస్తాను అనుకుంది.

చూపించింది కూడా. అందరూ కుడికి తిరిగారు, అచ్చాయమ్మ ఎడమకి తిరిగింది. ఆమె మోచెయ్యి పక్కావిడ ముక్కుకి తగిలి కళ్ళద్దాలు ఎగిరి నేలమీద పడ్డాయి. క్షమించమని చెప్పి మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఎడమకే పోయింది. అందరూ ఏ చెయ్యి ఎత్తితే ఆమె రెండోది ఎత్తుతుంది, అందరూ ఏ కాలి మీద నిలబడితే ఆమె రెండోదాని మీద నిలబడుతుంది.

జరిగిందేమిటంటే, టీచరమ్మ ముసలమ్మలకి ఎదురుగా నిలబడి నేర్పుతుంది కదా, వాళ్ళకి సులువుగా ఉండాలని అన్నీ అద్దంలోలాగ తిప్పి చేస్తుంది. వాళ్ళు కుడికి పోవాలంటే తను ఎడమకి పోతుంది. పనిమనుషుల కుర్చీలు టీచరమ్మ వీపు వెనక. అచ్చాయమ్మ రెండు నెలలుగా ఆ వీపుని చూసి నేర్చుకుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ అలా తిరగేసి నేర్చుకోలేరు. ఇప్పుడు సరిచేసుకుందామంటే, ఒంటికి పట్టింది కళ్ళ మాట వినడం లేదు.

ముసలమ్మలు నవ్వారు. పాపం, చెడ్డగా నవ్వలేదు. కానీ కళ్ళద్దాలావిడ మాత్రం వాటిని తుడుచుకుంటూ, "బ్యాగులు పట్టుకునేవాళ్ళని బ్యాగుల దగ్గరే ఉంచాలి" అంది. అచ్చాయమ్మ వెళ్ళి కుర్చీలో కూర్చుని బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. ఆ బ్యాగు అంత బరువుగా ఎప్పుడూ లేదు. ఆ రోజు నుంచి పెరట్లోకి వెళ్ళడం మానేసింది.

మానేసిన ఫలితం మూడువారాలకి కనబడింది. జనవరి మొదటివారంలో మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళు అతిథులతో కూర్చునే గదిలో, కాఫీ కప్పుల ట్రే పట్టుకుని తివాచీ అంచు దగ్గర తిరిగింది. ఎడమకాలు మళ్ళీ మొరాయించింది. ఆమె గోడ పట్టుకుని ఆగింది గానీ ట్రే ఆగలేదు. పన్నెండు కప్పులు, ఎనిమిది మంది అతిథులు.

ఆ సాయంత్రం ఫైజల్ వంటింట్లోకి వచ్చాడు. నలభై ఏడేళ్ళ మనిషి, మంచివాడు, కేకలేసే రకం కాదు. కేకలేస్తే బాగుండుననిపించింది అచ్చాయమ్మకి. ఆ ఇంట్లో ఆమె పేరుని అచ్చా అని కుదించేశారు.

"అచ్చా, నా పిల్లలు ముగ్గురూ నీ చేతుల్లో పెరిగారు. నువ్వు కష్టపడింది చాలు, ఖలాస్. మార్చిలో వీసా అయిపోగానే గౌరవంగా పంపిస్తాను. వచ్చేనెల కొత్త అమ్మాయి వస్తుంది, పని కాస్త చూపించు."

"నాకు ఇంకా చేతనవును, బాబా" అంది ఆమె. ఇరవై ఆరేళ్ళయినా ఆమె అరబిక్‌కి వ్యాకరణం రాలేదు, రోషం మాత్రం వచ్చింది.

"చేతనవును, నాకు తెలుసు. కానీ నువ్వు పడితే? అమ్మని పట్టుకుని ఉండగా పడితే?"

అదే ఆమెకి కూడా భయం.

ఆ రాత్రి ఆమె చాలాసేపు ఏడిచింది. మర్నాడు మధ్యాహ్నం ఇల్లు పడుకోగానే దుప్పట్ల మధ్యకి వెళ్ళి, కొంగు బిగించి, ఎడమకాలి మీద నిలబడింది. "గౌరవంగా పంపుతాడంట, గౌరవంగా" అని పళ్ళు నూరుతూ ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టింది. ఆమెకి ఇంకే ఆశా లేదు. కనీసం విమానం మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాలని మాత్రం ఉంది. తిరగేసి నేర్చుకున్నది తిరగేసే చేసింది. ఎవరు చూడొచ్చారు?

జనవరి ఆఖరి గురువారం క్లబ్బులో కుటుంబాల రోజు పెట్టారు. ముసలమ్మలు నేర్చుకున్నది పిల్లలకి చేసి చూపించాలి. ఫైజల్ ఆఫీసు మానుకుని వచ్చి పక్కవరుసలో కూర్చున్నాడు. పర్శరాములు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పనిమనుషులు మామూలుగానే అద్దం గోడ దగ్గర, బ్యాగులతో.

ఎనిమిది భంగిమలు. ఏడింటిదాకా సాఫీగా నడిచింది. ఎనిమిదోది కోడిపుంజు భంగిమ. ఒంటికాలి మీద నిలబడి మూడు ఊపిరులు తీయాలి. ముందు కుడికాలి మీద. మామా ఎప్పుడూ దాన్ని కుర్చీ పట్టుకునే చేసేది. ఈ రోజు కొడుకు ముందు కుర్చీ వద్దంది, వాకర్‌ని కూడా గోడ దగ్గరే ఉంచమంది.

తీరా సమయం వచ్చేసరికి ఆవిడ ఆగిపోయింది. చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి. చుట్టూ అందరి కాళ్ళూ లేచాయి, కొందరివి జానెడు, కొందరివి బెత్తెడు. టీచరమ్మ "శువై శువై" అంటోంది. మామాకి వినబడటం లేదు. మెట్ల మీద జారిన రోజున ఆవిడ ముఖం ఎలా ఉందో అచ్చాయమ్మకి తెలుసు, ఎత్తిన మనిషి కనక. ఇప్పుడూ అదే ముఖం.

అచ్చాయమ్మ ఫైజల్ వైపు చూసింది. అతను కుర్చీ అంచుకి జరిగాడు. ఇప్పుడు తను లేచి వెళ్ళి, అతని కళ్ళెదుట ఎడమకాలు మొరాయించి కూలబడితే, మార్చిదాకా కూడా ఆగక్కర్లేదు. మామా చూపు హాలంతా తిరిగి తిరిగి నాలుగో కుర్చీ దగ్గర ఆగింది. నీళ్ళ కోసం చేసే సైగ కాదది.

బ్యాగు కింద పెట్టి లేచింది. టీచరమ్మని దాటుకుని వెళ్ళి, మామాకి ఎదురుగా, చేతికి అందీ అందనంత దూరంలో నిలబడింది.

"మామా, అటూ ఇటూ చూడకు. నన్ను చూడు. యల్లా, శువై శువై."

బరువంతా ఎడమకాలి మీదకి పోసింది. మోకాలు వణికింది. బురద గుర్తు చేసుకుంది. వేళ్ళు, మడమ, కింద గట్టి నేల. కుడికాలు లేపింది. ఎదురుగా మామా ఎడమకాలు లేచింది. మామా కుడి తుంటి, ఆమె ఎడమ తుంటి, అద్దంలో మనిషికి మనిషిలా ఎదురుబొదురుగా నిలబడ్డాయి. హాలంతటికీ తప్పయింది మామాకి మాత్రం సరిగ్గా సరిపోయింది.

మామా చెయ్యి ఆమె వైపు చాచింది. అచ్చాయమ్మ అందుకోలేదు. అందుకుంటే ఇద్దరూ పడతారు. తల అడ్డంగా ఊపి, కళ్ళతోనే పట్టుకుంది. ఒక ఊపిరి. రెండు. మూడు. తరవాత ఇద్దరి కాళ్ళూ ఒక్కసారే కిందికి దిగాయి.

చప్పట్లు కొట్టారు. కళ్ళద్దాలావిడ అందరికంటే గట్టిగా కొట్టింది. ఫైజల్ మాత్రం సగం లేచినవాడు అలాగే ఉండిపోయాడు.

తిరుగుదారిలో కారులో ముందు సీట్లో ఫైజల్, వెనక ఆడవాళ్ళిద్దరూ. కాసేపటికి అతను వెనక్కి తిరిగి, "అచ్చా, నువ్వు ఆ కాలి మీద అంతసేపు నిలబడగలవని నేను అనుకోలేదు" అన్నాడు.

అచ్చాయమ్మ అప్పుడు ఊరుకోవచ్చు. ఊరుకుంటే సరిపోయేది. కానీ మూడు ఊపిరులు నిలబడ్డాక మనసులో ఇంకేదీ దాచుకోబుద్ధి కాలేదు.

"బాబా, నేను అక్టోబరులో కూడా పడ్డాను. పెరట్లో. పంపించేస్తారని చెప్పలేదు."

పర్శరాములు అద్దంలోంచి ఆమెని చూశాడు. ఫైజల్ ఏదో అనబోయేలోపు మామా నోరు విప్పింది.

"నాకు తెలుసు. స్నానాల గదిలోంచి బకెట్ చప్పుడు విన్నాను. బకెట్ ఒక్కటే పడితే ఎలా ఉంటుందో, మనిషితో పడితే ఎలా ఉంటుందో నాకు తెలీదా? ఆ చైనా ఆవిడకి సైగలు చేసి చేసి, దీన్ని వరుసలోకి తెమ్మన్నది నేనే."

"తెలిసీ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే పంపించేస్తావు కనక." ఆవిడ గొంతు పెంచలేదు. "నేను పడ్డప్పుడు నన్నెక్కడికి పంపావు ఫైజల్? డాక్టరు దగ్గరికి పంపావు, క్లబ్బుకి పంపావు. ఇది పడితే విమానం ఎక్కిస్తావా?"

రెండు సిగ్నళ్ళు దాటాయి. అచ్చాయమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది గానీ ఏమీ కనబడటం లేదు, కళ్ళనిండా నీళ్ళు. తను పడిన చప్పుడు విన్న మనిషి ఒకరున్నారని ఇన్నాళ్ళూ తెలియలేదు.

మూడో సిగ్నల్ దగ్గర ఫైజల్ మళ్ళీ వెనక్కి తిరిగాడు. "రేపు నిన్ను కూడా డాక్టరుకి చూపిస్తాను. కొత్త అమ్మాయి ఎలాగూ వస్తోంది, ట్రేలూ బకెట్లూ తను మోస్తుంది. వీసా సంగతి నేను చూస్తాను. ఎప్పుడు వెళ్తావో నువ్వే చెప్పు, అచ్చా."

ఇరవై ఆరేళ్ళుగా ఎదురుచూసిన ప్రశ్న. తీరా అడిగేసరికి ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది.

"చెప్పు గదక్కా, సార్ అడుగుతుండు" అన్నాడు పర్శరాములు తెలుగులో, నవ్వు ఆపుకుంటూ.

"సెప్తానులే. తొందరేంటి?" అని అతన్ని కసిరి, అరబిక్‌లో, "చెప్తాను బాబా. ఇవాళ మాత్రం కాదు" అంది అచ్చాయమ్మ. మామా ఆమె మోకాలి మీద, ఆ ఎడమ మోకాలి మీదే, రెండుసార్లు తట్టింది.

డాక్టరు ఎక్స్‌రే తీసి, ఎముక బాగానే ఉందనీ, కండ నీరసించిందనీ, ఇప్పుడు చేస్తున్నదేదో మానకుండా చేయమనీ చెప్పాడు. ఆ మంగళవారం క్లబ్బులో టీచరమ్మ అచ్చాయమ్మని వరుసలో నిలబెట్టబోతే మామా ఒప్పుకోలేదు. తనకి ఎదురుగానే ఉండాలంది. పాఠం మొదలయ్యే ముందు అచ్చాయమ్మ తన చెప్పులు విడిచి కుర్చీ కింద, మామా చెప్పుల పక్కన పెట్టింది. ఆ రోజు ఎడమ నుంచి నాలుగో కుర్చీలో బ్యాగు ఒక్కటే కూర్చుంది. తరవాతి వారానికి మూడు కుర్చీల్లో బ్యాగులే ఉన్నాయి.